మాఫీ ఎవరిని అడగాలి?

మా ముమ్మిడివరం ఆనాడు సంస్థానంలో లేదు. 1948లో మేము మద్రాసు ఏలుబడిలో ఉన్నాం. అయినా రజాకార్ల లెక్క మమ్మల్నే అడుగుతారు. వాళ్ల దుర్మార్గాల్ని మేము కాదనం. మరి ఆ తర్వాతి లెక్క?

సెప్టెంబరు 13న హైదరాబాదు మీదికి నడిచింది మిలట్రీ. పేరు మాత్రం పోలీసు చర్య! 17న నిజాం లొంగిపోయాడు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ ఏడాది చివర్లో ఊళ్లు తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువ నాశనమయ్యాయి. కొన్నిచోట్ల సైనికులే ముస్లిం మగవాళ్లని బయటికి తెచ్చి చంపారని రాసింది. ప్రాణాలొడ్డి పొరుగు ముస్లిముల్ని కాపాడిన హిందువుల గురించీ రాసింది. ప్రభుత్వం ఆ రిపోర్టుని దశాబ్దాలు తొక్కిపెట్టింది.

1937 నాన్‌జింగ్ మారణకాండలో పాల్గొన్న జపాను సిపాయి అజుమా షిరో, ముసలివాడయ్యాక 1987లో ఆ ఊరికే వెళ్లి క్షమాపణ అడిగాడు. వియత్నాంలో మైలాయ్ ఊరిని చంపిన అమెరికా అధికారి కాలీ 2009లో తన దేశంలోనే ఒక క్లబ్బులో పశ్చాత్తాపం చెప్పుకున్నాడు. మాకీ రెండూ ఒకటి కావు. హుఖూఖుల్ ఇబాద్ అంటారు మా పెద్దలు. మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషే మాఫ్ చేయాలి.

ఆనాటి సిపాయి ఎవరైనా మా గుమ్మంలో నిలబడినా మేము మాఫ్ చేయలేం. మా ఇళ్లల్లో ఎవరూ చావలేదు. శవాలతో నిండిన బావులు కమిటీ చూసిన ఆ ఊళ్లకే అతను పోవాలి.