మెతుకుసీమలో బరువెక్కుతున్న బాల్యం: మెదక్ పట్టణం నేపథ్యంగా ఊబకాయ కారణాల పరిశీలన

మెదక్ గురించి రాసేవారెవరూ మెతుకు మాట ఎత్తకుండా ఉండలేరు. కాకతీయుల నాటిదని చెప్పే కోటకు మెతుకు దుర్గమని పాత పేరు. ఊళ్లో ఎవరినైనా అడిగితే మాత్రం చర్చి కథ చెబుతారు. 1914లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ చర్చి కట్టడం మొదలుపెట్టాడు, అది కరువు కాలం, పనికి వచ్చినవాళ్లకు అన్నం పెట్టారు, ఆ మెతుకే ఊరి పేరైందని. కాలక్రమం చూస్తే ఈ రెండో కథ నిలవదు. పేరు చర్చి కంటే చాలా పాతది. అయినా అది ఇంకా బతికే ఉంది. ఆకలి ఈ ఊరి జ్ఞాపకంలో ఎంత లోతుగా దిగిందో చెప్పడానికి అంతకంటే మంచి ఆధారం అక్కర్లేదు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చికి నూరేళ్లు నిండాయి. ఆకలి కథ చెప్పుకునే ఈ ఊళ్లోనే ఇవాళ పిల్లల ఊబకాయం గురించి మాట్లాడవలసి వస్తోంది.

ఊబకాయం డబ్బున్నోళ్ల జబ్బని, తిండి ఎక్కువై వచ్చేదని, ఆకలికి అది పూర్తిగా ఎదురు కొస అని మన సాధారణ అవగాహన. ఈ వ్యాసం ఆ అవగాహనను ఒప్పుకోదు. మెదక్ వంటి చిన్న పట్టణంలో పిల్లల ఊబకాయం ఆకలికి వారసురాలు. రెండూ ఒకే వీధిలో, కొన్నిసార్లు ఒకే ఇంట్లో, అరుదుగా ఒకే పిల్లవాడి ఒంట్లో కాపురముంటాయి. పిల్లవాడి తిండిపోతుతనంలో దీని మూలం దొరకదు. ఏ తిండి చవకైంది, ఏది కరువైంది అన్నచోట వెతకాలి.

రెండు లెక్కలు ఒక్కసారే పెరగడం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత (2015-16) ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 0.7 శాతం. ఐదో విడత (2019-21) నాటికి వారు 3.4 శాతమయ్యారు. అదే వ్యవధిలో వయసుకు తగ్గ ఎత్తు ఎదగని పిల్లలు 28 శాతం నుంచి 33.1 శాతానికి పెరిగారు. ఒకటి తగ్గితే మరొకటి పెరుగుతుందనేది మనకు అలవాటైన తూకం. ఇక్కడ త్రాసు రెండు పళ్లేలూ ఒకేసారి కిందికి దిగాయి.

కాస్త పెద్ద పిల్లల సంగతి చూద్దాం. 2016-18 నాటి సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో దేశవ్యాప్తంగా 10-19 ఏళ్ల వారిలో అధిక బరువున్నవారు దాదాపు 5 శాతం, ఉండవలసినదానికంటే సన్నగా ఉన్నవారు 24 శాతం. 2024లో లాన్సెట్ ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం 5-19 ఏళ్ల భారతీయుల్లో ఊబకాయులు 1990లో 4 లక్షలైతే 2022లో 1.25 కోట్లు. శాతంగా ఇప్పటికీ చిన్న అంకెలేనని ఎవరైనా అనవచ్చు. పెరిగిన వేగం మాత్రం చిన్నది కాదు.

బరువు మాత్రమే రాసుకునే రిజిస్టర్లు అసలు పరిస్థితిని ఇంకా తక్కువ చేసి చూపుతాయని నా అనుమానం. కారణం కొలతలోనే ఉంది. పదేళ్ల పిల్లవాణ్ని ఒకణ్ని ఊహించుకుందాం. బరువు 32 కిలోలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఆ వయసు మగపిల్లల మధ్యస్థ బరువు 31.2 కిలోలు కాబట్టి బరువు మాత్రమే చూసేవారు 'బాగున్నాడు' అని రాసుకుంటారు. కానీ వాడి ఎత్తు 130 సెంటీమీటర్లే. బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సూచిక 18.9. పదేళ్ల మగపిల్లలకు అధిక బరువు గీత 18.5 దగ్గరే ఉంది. వాడు పొట్టిగా ఉండటం వల్ల వాడి కొవ్వు కనిపించకుండా పోయింది. తక్కువ ఎత్తూ అధిక బరువూ కలిసి ఒకదాని తప్పును మరొకటి కప్పిపుచ్చి, రిజిస్టరులో 'సాధారణం' అనే గడిలో కూర్చున్నాయి.

ఇంట్లోనూ ఇదే కప్పిపుచ్చడం మరో రూపంలో జరుగుతుంది. బొద్దుగా ఉన్న బిడ్డను చూసి మనం కొలతకు వెళ్లం, దిష్టి తీస్తాం. కరువు చూసిన ఇళ్లలో బిడ్డ ఒంటి మీద కండ కనిపించడం తల్లి గెలుపు. బిడ్డను అలా చూసుకుని మురిసే నానమ్మ కళ్లను తప్పుపట్టడం తేలిక. కానీ ఆమె బాల్యంలో బక్కచిక్కిన బిడ్డలకే ప్రాణభయం ఎక్కువగా ఉండేది మరి.

కడుపులోనే మొదలైన లెక్క

పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్ బృందం అప్పుడే పుట్టిన బిడ్డలను కొలిచి, ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చింది. పుణె బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడివారిది 3.5 కిలోలు. మనవాళ్లలో కండ, అవయవాల పరిమాణం బాగా తక్కువ. చర్మం కింది కొవ్వు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గలేదు. సన్నగా కనిపిస్తూనే కొవ్వు దాచుకున్న బిడ్డలన్నమాట. కడుపులో ఉండగా తిండి చాలని శరీరం రేపటి కరువు కోసం పొదుపు నేర్చుకుని పుడుతుందనేది దీనికి ఒక వివరణ. ఆ శరీరం కరువులోకి కాక చవక పిండి, చవక చక్కెర, చవక నూనె ఉన్న బజారులోకి వచ్చి పడితే ఏమవుతుందో ఊహించవచ్చు.

అలాగని పేద బిడ్డలకు తిండి పెడితే లావెక్కుతారనే పొరపాటు నిర్ణయానికి వెళ్లకూడదు. ఆ భయానికి సమాధానం మన దగ్గరే ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య నగరం దగ్గరి గ్రామాల్లో కొన్నిచోట్ల గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం అందేలా చూసి, మిగిలిన గ్రామాలతో పోల్చింది. ఆ పిల్లలే 13-18 ఏళ్ల వారయ్యాక మళ్లీ పరీక్షించారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. పోషకాహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఎదిగారు. వారి శరీరం ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందించింది. కొవ్వు మాత్రం ఎక్కువ కాలేదు. సరైన వయసులో పెట్టిన సరైన తిండి పిల్లలను లావు చేయదు. ఈ ఒక్క మాట గుర్తుంటే తర్వాతి కారణాలను తిండి మీద ద్వేషం లేకుండా చూడగలం.

గట్క నుంచి సన్నబియ్యం దాకా

ఒకప్పుడు మెదక్ చుట్టుపక్కల మెట్టనేలలది జొన్న, మక్క, సజ్జ, కంది, పెసర రాజ్యం. జొన్నరొట్టె, గట్క, అంబలి నిత్యభోజనం. అన్నం పండుగ పూట వంట. మంజీరపై ఘనపూర్ ఆనకట్ట కింద, చెరువుల కింద వరి ముందునుంచీ ఉన్నా, బోర్లు, మద్దతు ధర, రేషన్ మూడూ కలిసి మెట్టకూ తరికీ ఉన్న తేడాను చెరిపేశాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఆకలి మీద గెలుపేనని చెప్పడానికి సంకోచం అక్కర్లేదు. 2015 జనవరి నుంచి తెలంగాణలో కిలో రూపాయికి మనిషికి ఆరు కిలోలు, బడులకూ హాస్టళ్లకూ సన్నబియ్యం. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లోనూ ఉచితంగా సన్నబియ్యమే. ప్రతి మలుపులోనూ బియ్యం ఇంకొంచెం చవకైంది, ఇంకొంచెం తెల్లబడింది. పప్పు, కూర, గుడ్డు, పాలు ఆ వేగంతో చవకవలేదు. పళ్లెంలో కొండంత అన్నం, పక్కన చెంచాడు పప్పుచారు, దాన్ని మింగించడానికి పచ్చడి, నూనె. కడుపు నిండుతుంది, ప్రోటీన్ నిండదు. గంటన్నరలో పిల్లవాడికి మళ్లీ ఆకలి.

వేరే దారి లేదా అంటే, ఉమ్మడి మెదక్ జిల్లాలోనే ఉండేది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో పి.వి. సతీష్ నడిపిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల్లో బీడు భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిల్వచేసి, ఊరి పేదలకే తక్కువ ధరకు ఇచ్చే సొంత రేషన్ నడిపాయి. ఆ ఏర్పాటును నడిపింది దళిత స్త్రీలు. సొసైటీకి 2019లో అంతర్జాతీయ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ప్రపంచం మెచ్చింది, మన పౌరసరఫరాల గోదాములు మాత్రం పట్టించుకోలేదు. ఇప్పుడు అవే చిరుధాన్యాలు సూపర్‌మార్కెట్లో బియ్యం కంటే ఎక్కువ ధరకు దొరుకుతున్నాయి. కొనేవాళ్లు ఎక్కువగా బరువు తగ్గాలనుకునే పెద్దలు.

ఐదు రూపాయల బిళ్ల

2022-23 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో నెల ఖర్చులో ధాన్యాల వాటా 4.91 శాతం, పానీయాలు, చిరుతిళ్లు, తయారు తిండి వాటా 9.62 శాతం. 1999-2000లో ధాన్యాల వాటా 22 శాతం. బియ్యం మీద మిగిలిన డబ్బు పప్పులోకి పోయి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు. అది ప్యాకెట్లోకి పోయింది.

మెదక్ రాందాస్ చౌరస్తా నుంచి ఏ వైపు నడిచినా కిరాణా దుకాణాల ముందు తోరణాల్లా వేలాడే ప్యాకెట్లు కనిపిస్తాయి. ఎక్కువగా ఐదు రూపాయలవి, పది రూపాయలవి. ఈ ధర యాదృచ్ఛికం కాదు. అది పిల్లవాడి చేతిఖర్చు కొలత. సీతాఫలాల కాలం, ముంజల కాలం, రేగుపండ్ల కాలం ఉన్నట్టు చిప్స్‌కు కాలం లేదు, ఏడాది పొడవునా ఒకే రుచి, ఒకే ధర. ఉప్పు, నూనె, పిండి ఈ మూడింటినీ నమలడం కంటే మింగడమే తేలికయ్యేలా కలపడం ఒక పరిశ్రమ నైపుణ్యం. పదేళ్ల పిల్లవాడి నిగ్రహాన్ని దానికి పోటీగా నిలబెట్టడం న్యాయం కాదు.

ఈ ప్రాంతంలో బీడీలు చుట్టే స్త్రీలు చాలామంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. చాటలో తునికాకు పెట్టుకుని కూర్చున్న తల్లి లేచి పొయ్యి ముట్టించి పెసర్లు ఉడకబెట్టాలంటే ముప్పావుగంట, అంటే కొన్ని పదుల బీడీలు. బిడ్డ ఏడుపు ఆపడానికి ఐదు రూపాయల బిళ్ల ఇస్తే పని ఆగదు. ఆమె లెక్కలో తప్పు లేదు. ఆమె సమయం కంటే ప్యాకెట్ చవకగా ఉండటమే తప్పు. 'తల్లుల అజ్ఞానం' అని తేలిగ్గా రాసేసే వ్యాసకర్తలు ఒక్కరోజు ఆ చాట ముందు కూర్చోవాలి.

శీతల పానీయాల సంగతి క్లుప్తంగానే చెప్పవచ్చు. వంద మిల్లీలీటర్లలో సుమారు పది పదకొండు గ్రాముల చక్కెర. పెద్దవాళ్లకే రోజుకు 25 గ్రాములు మించవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పావు లీటరు సీసా ఒక్కటే ఆ గీతను అందుకుంటుంది, లేదా దాటేస్తుంది. పెళ్లి విందుల్లో పిల్లల ముందు ఆ సీసాలు మంచినీళ్లలా పెడుతున్నాం.

ఆట ఎక్కడ పోయింది

2007లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ప్రచురించిన హైదరాబాదు అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. 12-17 ఏళ్ల పిల్లల్లో 7.2 శాతం మంది అధిక బరువున్నారు. వారానికి ఆరు గంటలు, అంతకు పైగా బయట ఆడేవారిలో అది 3.1 శాతమే. రోజుకు మూడు గంటలు, అంతకు పైగా టీవీ చూసేవారిలో 10.4 శాతం. నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా అనిపించింది మరో అంకె. రోజుకు మూడు గంటలు, అంతకు పైగా ఇంటిపని చేసే పిల్లల్లో అధిక బరువున్నవారు 4.7 శాతం. చదువుకునే పిల్లలతో పని చేయించకూడదని మనం గర్వంగా ఆపేసిన నీళ్లు మోయడం, ఊడవడం కూడా శరీరానికి లెక్కలోకి వచ్చేవే.

హైదరాబాదు నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న మెదక్‌కూ ఆ అలవాట్లు చేరాయి. ఒకప్పుడు నడిచి వెళ్లిన బడికి ఇప్పుడు ఆటో, బడి వ్యాను. ఇంటిముందు ఎక్కితే బడిముందు దిగడమే. బడి వదలగానే ట్యూషన్. పదో తరగతి వచ్చేసరికి ఆటల పీరియడు లెక్కల సారు చేతికి పోతుంది. 2020 మార్చిలో బడులు మూతపడి, ఆ సెప్టెంబర్ నుంచి పాఠాలు టీవీలోకీ ఫోన్‌లోకీ వచ్చాయి. 2021 సెప్టెంబర్‌లో బడులు తెరిచారు. ఫోన్ మాత్రం ఇంట్లోంచి బయటికి పోలేదు. పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసే కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 2016 లెక్కల ప్రకారం 11-17 ఏళ్ల భారతీయుల్లో దాదాపు 74 శాతం మందికి అది లేదు.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. పెద్దమనిషి అయిన రోజు నుంచి ఆమెకు ఒకేసారి రెండు జరుగుతాయి. నువ్వులు, బెల్లం, నెయ్యి, కొబ్బరి బలమని పెడతారు. వాకిట్లో ఆట మాన్పిస్తారు. ఆ తిండి పొలం పని చేసే అమ్మాయి కోసం పుట్టిన ఆచారం. పొలం పోయింది, ఆచారం మిగిలింది. నువ్వులను తప్పుపట్టను, రక్తహీనత ఎక్కువగా ఉన్న రాష్ట్రంలో అవి కావలసినవే. మాన్పించిన ఆటను తిరిగి ఇవ్వాలి.

చట్టం, పన్ను, టేపు

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదు. మెదక్‌లో ఏ బడి ముందైనా మధ్యాహ్నం గంట కొట్టాక నిలబడి చూడండి, ఈ నిబంధన ఎంత బరువు మోస్తోందో తెలుస్తుంది. మరోవైపు 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీములు, నూడుల్స్, మిక్చర్ల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. చక్కెర కలిపిన గ్యాస్ పానీయాలను మాత్రం 40 శాతంలో ఉంచారు. సీసాను దోషిగా గుర్తించిన ప్రభుత్వం ప్యాకెట్‌ను మధ్యతరగతికి ఊరటగా భావించింది. పిల్లల ఆరోగ్యం దృష్టితో చూస్తే ఇది తప్పు నిర్ణయం.

పన్నులు మెదక్ చేతిలో లేవు. మెదక్ చేతిలో ఉన్నవి చిన్నవి. మధ్యాహ్న భోజనంలో అన్నం గరిటె పక్కన పప్పు గరిటెను పెద్దది చేయడం ఒకటి. ఆటల పీరియడును ఆటల సారుకే వదిలేయడం ఇంకొకటి. ప్రధానోపాధ్యాయులకు, అంగన్‌వాడీ టీచర్లకు నా విన్నపం మరొకటుంది. తూకం యంత్రం పక్కన గోడకు ఎత్తు కొలిచే టేపు అంటించండి, ప్రతి బిడ్డకూ రెండు అంకెలూ ఒకే వరుసలో రాయండి. అదే టేపు పట్టుకుని ఒకసారి గేటు దాటి, 50 మీటర్లు ఎక్కడిదాకా వస్తాయో కూడా కొలవండి.