ఆథోస్ పర్వతంపై మౌన ప్రార్థన

క్రీ.శ. 4వ శతాబ్దంలో ఈజిప్టులోని నిత్రియా, స్కేతిస్ ఎడారులకు తరలిన క్రైస్తవ తాపసులు, ఎడతెగక ప్రార్థించమని అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘానికి చేసిన బోధను అక్షరాలా పాటించవలసిన ఆజ్ఞగా స్వీకరించి, బుట్టలు అల్లుతూ, తాళ్లు పేనుతూ ఒక చిన్న వాక్యాన్ని మనసులో మననం చేసుకొనేవారు. యేసును ప్రభువనీ దేవుని కుమారుడనీ పిలిచి కరుణను వేడుకొనే ‘యేసు ప్రార్థన’ ఈ అలవాటులోంచే క్రమంగా రూపుదిద్దుకొంది. సువార్తలోని సుంకరి దేవాలయంలో రొమ్ము కొట్టుకొంటూ చేసిన విన్నపం, యెరికో దారిపక్కన గుడ్డివాడు పెట్టిన కేక, రెండూ అందులో కలిసి ఉన్నాయి.

సీనాయి మఠాధిపతి యోహాను క్లీమకస్ 7వ శతాబ్దంలో 30 మెట్ల ‘నిచ్చెన’గా రచించిన గ్రంథంలో, యేసు స్మరణ ప్రతి శ్వాసతోనూ కలిసి ఉండాలని బోధించాడు. నేటి ఉత్తర గ్రీసులోని ఆథోస్ పర్వత మఠాలలో 14వ శతాబ్దానికి ఈ సాధన హెసికాజం, అంటే నిశ్చలతా మార్గం, అనే పేరుతో బలపడింది. సాధకుడు తల వంచి, గడ్డాన్ని రొమ్ముకు ఆనించి కూర్చొని, ఊపిరిని నెమ్మదింపజేసి, పరుగులు తీసే మనసును హృదయంలోకి దించుతాడు. హృదయమంటే ఇక్కడ ఉద్వేగాల స్థానం మాత్రమే కాదు. ఆలోచన, సంకల్పం, ప్రేమ మూడింటికీ అదే మూలం. శ్వాసక్రమం కేవలం ఆసరా అనీ, దర్శనం దేవుని కృపవల్లనే కలుగుతుందనీ ఆ గురువులు చెప్పేవారు.

కలాబ్రియా ప్రాంతపు పండితుడు బర్లాము ఈ సన్యాసులను నాభిలో ఆత్మను వెదికేవారని ఎగతాళి చేసి, ప్రార్థనలో వారు చూశామన్న వెలుగు దైవికం కాదని వాదించాడు. ఆథోస్ సన్యాసి గ్రెగరీ పలమాస్ దానికి సమాధానమిస్తూ, దేవుని సారతత్త్వం ఎవరికీ అందనిదైనా, ఆయన శక్తులు, అంటే ఆయన తన్ను తాను పంచుకొనే క్రియలు, సృష్టికి చెందినవి కావనీ, యేసు రూపాంతరం చెందిన వేళ తాబోరు కొండపై శిష్యులు చూసిన వెలుగు ఆ శక్తులదేననీ వివరించాడు. వివాదం పైకి కూర్చొనే భంగిమ గురించినట్లు కనిపించినా, మట్టి శరీరంతో ఉన్న మనిషి దేవుణ్ణి నిజంగా కలుసుకోగలడా అన్నదే అసలు ప్రశ్న. పలమాస్ గొప్పతనం శరీరాన్ని ప్రార్థన నుంచి వెలివేయనివ్వకపోవడంలో ఉంది. కాన్‌స్టాంటినోపుల్‌లో 1341, 1347, 1351లలో జరిగిన సభలు ఆయన పక్షాన నిలిచాయి. పౌలు లేఖ అందుకొన్న ఆ థెస్సలొనీకకే ఆయన 1347లో ఆర్చిబిషప్పు అయ్యాడు.

కొరింథుకు చెందిన మకారియోస్, ఆథోస్ సన్యాసి నికోదేమోస్ కలిసి ఈ సాధనను బోధించిన గురువుల రచనలను ‘ఫిలోకాలియా’గా సంకలనం చేసి 1782లో వెనిస్‌లో అచ్చువేయించారు. సన్యాసి పయీసీ వెలిచ్కోవ్‌స్కీ చేసిన స్లావోనిక్ అనువాదం 1793లో వెలువడ్డాక, ఊలు ముడుల జపమాల తిప్పుతూ చేసే ఈ ప్రార్థన మఠాల గోడలు దాటి రష్యాలోని సామాన్య గృహస్థులకూ చేరింది.