స్వీడను దేశపు అపరాధ పరిశోధక నవలలు

అపరాధ పరిశోధక నవల యనగానే పెద్దలు చిన్నచూపు చూతురు. ఆ పెద్దలలోను దానిని దిండుక్రింద దాచుకొని చదువనివారు అరుదు. నెల్లూరికి తూర్పున సముద్రపు చేరువనున్న మా తోటపల్లి గూడూరు ప్రాంతమున, వరిచేల నడుమ పెరిగిన మేమును అద్దెపుస్తకముల అంగళ్లలో దొరకిన డిటెక్టివు నవలలతోనే చదువరులమైతిమి. నేడు లోకమంతట చదువబడుచున్న స్వీడను నేర నవలలను చూచినపుడు మాకొక ప్రశ్న తోచుచున్నది. ఉక్కపోతలో కూర్చున్న పాఠకునికి మంచుదేశపు హత్యతో పని యేమి?

చంపినదెవరన్న కుతూహలము మనకు క్రొత్తది కాదు. పదుమూడవ శతాబ్దిలో నెల్లూరు నేలిన మనుమసిద్ధి కొలువునందుండిన తిక్కన సోమయాజి భారతమును విరాటపర్వముతోనే మొదలుపెట్టెను. అందలి కీచకవధ గొప్ప అపరాధ కథ. నర్తనశాలలో రాత్రివేళ హత్య జరిగినది. తెల్లవారి చూచినవారికి కాలుసేతులు ఆనవాలు తెలియని మాంసపుముద్ద కనబడినది. గంధర్వులు చంపిరని ఊరు నమ్మినది. ఆ వార్త వేగులవారిచే హస్తినాపురమునకు చేరినది. దాగియున్న పాండవులను పట్టుకొను మార్గమును గూర్చి అచట ఆలోచన సాగినపుడు భీష్ముడు చెప్పినది వినదగినది. ధర్మరాజున్న దేశమున వానలు సకాలమున కురియును, జనులు సత్యము పలుకుదురు. కావున దేశస్థితిని చూచి వెదకుడనెను. దేశపు మేలునుబట్టి మనుష్యుని కనుగొనుట భీష్ముని పద్ధతి. స్వీడను రచయితలు దీనిని తలక్రిందులు చేసిరి. దొరకిన శవమునుబట్టి దేశము మేలుగా నున్నదో లేదో విచారించిరి.

మన తెలుగు డిటెక్టివు నవల వేరొక సుఖమునిచ్చినది. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుడు, అతని సహాయకుడు రాజు, ఇన్‌స్పెక్టరు స్వరాజ్యరావు ఒక తరమువారికి ఇంటి చుట్టములవంటివారు. పల్లెటూరి పాఠకునకు చెన్నపట్టణపు కార్లు, హోటళ్లు, టెలిఫోనులు ఆ పుటలలోనే పరిచయమైనవి. చివరి పుటలో దోషి దొరకును. దీపమార్పి నిశ్చింతగా నిద్రింపవచ్చును. దీనిని తక్కువ చేయుట మా అభిమతము కాదు. అయితే అచట ఒక్క దుర్మార్గుడే బోనెక్కును, రాజ్యము ఎక్కదు.

స్వీడనులో 1932 నుండి 1976 వరకు దాదాపు అవిచ్ఛిన్నముగా సోషల్ డెమోక్రాట్లు పాలించిరి. పుట్టుక మొదలు వృద్ధాప్యము వరకు ప్రజలను ప్రభుత్వము కాపాడునని ఆ దేశమునకు పేరు. సరిగా ఆ కీర్తి పండిన కాలముననే, 1965లో, మై షోవాల్, పేర్ వాలూ అను జంట తమ మొదటి నవల ‘రోసన్న’ను వెలువరించిరి. పిల్లలు నిద్రించిన పిమ్మట రాత్రులందు అధ్యాయము చొప్పున పంచుకొని వ్రాసెడివారు. కాలువలో పూడిక తీయుచుండగా ఒక యువతి శవము బయటపడును. (పూడిక తీయుట మా కాలువల సీమవారికి ఎరుకయైన పనియే.) చాలకాలము ఆమె పేరైనను తెలియదు. పరిశోధకుడు మార్టిన్ బెక్ మహామేధావి కాడు. జలుబుతో, కడుపునొప్పితో, పొసగని సంసారముతో నెలల తరబడి కాగితములు తిరుగవేయు ఉద్యోగి. పోలీసుపని యనగా విసుగు, నిరీక్షణము అని ఇంత నిక్కముగా చూపిన నవలలు మేము కొలదిగానే చదివితిమి.

1975 నాటికి పది నవలలు పూర్తియైనవి. ఆ సంవత్సరమే వాలూ మరణించెను. పదింటికిని ‘ఒక నేరమును గూర్చిన నవల’ యను ఉపశీర్షిక కలదు. వామపక్ష భావములు గల ఆ జంట దృష్టిలో ఆ నేరము హంతకునిది మాత్రమే కాదు. శ్రామికులను విడనాడిన సమాజమునది కూడ.

ఇది అతిశయోక్తి యనుకొన్నవారికి 1986 ఫిబ్రవరి 28 రాత్రి అడ్డుపడినది. ప్రధానమంత్రి ఊలోఫ్ పాల్మె అంగరక్షకులు లేకుండ భార్యతో సినిమా చూచి నడచివచ్చుచు స్టాక్‌హోము వీథిలో కాల్చి చంపబడెను. న్యాయస్థానమున నేరము తుదివరకు ఎవరిపైనను నిలువలేదు. 2020లో విచారణ మూసివేసిరి. చివరి పుట లేని డిటెక్టివు కథ ఒక దేశమునకే దక్కినది. 1991లో హెన్నింగ్ మాంకెల్ తన వాలండర్ నవలలను ఆరంభించి, హత్యలను ఈస్టాడ్ అను చిన్న రేవుపట్టణమునకు తెచ్చెను. అచటినుండి ప్రశ్న మనకును దగ్గరయగును. పైరు పచ్చగా నున్నంత మాత్రమున ఊరు చల్లగా నున్నదని చెప్పవచ్చునా?

స్టీగ్ లార్సన్ 2004లో మరణించిన పిమ్మట, 2005లో అతని మొదటి నవల వచ్చినది. స్త్రీలపై హింసయే దాని విషయము. అతని నవలలు కోట్లకొలది ప్రతులు అమ్ముడుపోయినవి. స్వీడిషులో దాని పేరు ‘స్త్రీలను ద్వేషించు పురుషులు’. ఇంగ్లీషు ప్రకాశకులు దానిని ‘డ్రాగన్ పచ్చబొట్టు గల పిల్ల’ యని మార్చిరి. మనలో దానిని చదివినవారు చాలమంది ఈ రెండవ పేరుతోనే చదివిరి.