రష్యాలో తొలి మనస్తత్వశాస్త్రం – ఉదారవాదం

1905 దాకా రష్యాలో రాజకీయ పార్టీలకు అనుమతి లేదు. పత్రికల మీద సెన్సారు నిఘా సరేసరి. మనిషికి హక్కులెందుకు అన్న వాదం అందుకే చాలాకాలం, మనసెలా పనిచేస్తుందన్న చర్చ చాటున సాగింది.

గొడవకు మొదలు శరీరధర్మ శాస్త్రవేత్త ఇవాన్ సెచెనొవ్. తలపు, సంకల్పం కూడా బయటి ప్రేరణలకు మెదడిచ్చే బదుళ్ళేనని 1863లో ‘మెదడు ప్రతీకార చర్యలు’లో వాదించాడు. 1866లో అది పుస్తకంగా రాగానే ప్రతులు జప్తయ్యాయి. మనిషి యంత్రమైతే తప్పుకు బాధ్యుడెవడని సెన్సారువారి అభ్యంతరం. కేసు నిలవలేదు, మరుసటి ఏడాది పుస్తకాన్ని వదిలేశారు.

ఉదారవాదులనూ ఆ ప్రశ్నే వేధించింది, కారణం మాత్రం వేరు. న్యాయశాస్త్ర ఆచార్యుడు కాన్‌స్తాంతిన్ కవేలిన్ (1818–1885) అర్ధబానిస రైతులను భూమితో సహా విడిపించాలని పథకం రాసి, అది అచ్చయినందుకు యువరాజుకు చదువు చెప్పే కొలువు పోగొట్టుకున్నాడు. 1861లో రైతులకు విముక్తి, 1864లో జ్యూరీ కోర్టులు వచ్చాయి. సొంతంగా నిర్ణయించుకోగల మనిషే లేకపోతే ఇవన్నీ ఎవరికి? ‘మనస్తత్వశాస్త్ర కర్తవ్యాలు’ (1872) వెనుక ఉన్న బెంగ ఇదే. మనసును భాషలో, ఆచారాల్లో, చరిత్రలో వెతకాలన్నాడు కవేలిన్. ఆ పని శరీరధర్మ శాస్త్రవేత్తలదేనని సెచెనొవ్ మరుసటి ఏడాదే జవాబిచ్చాడు. ప్రయోగశాల సెచెనొవ్ పక్షాన నిలిచింది. కవేలిన్ అడిగిన ప్రశ్న మాత్రం తేలలేదు.

ఆ ప్రశ్నను అందుకున్నది 1885లో మాస్కో విశ్వవిద్యాలయంలో మత్వేయ్ త్రోయిత్‌స్కీ నెలకొల్పిన మనస్తత్వ సంఘం. పేరుకే మనస్తత్వం, నికొలాయ్ గ్రోత్ అధ్యక్షుడయ్యాక అక్కడ ఎక్కువగా నడిచింది తత్త్వచర్చే. 1889లో పెట్టిన ‘తత్త్వ, మనస్తత్వ సమస్యలు’ పత్రికలోనే టాల్‌స్టాయ్ ‘కళ అంటే ఏమిటి?’ తొలిసారి వెలువడింది. 1902లో సంఘం పావెల్ నొవ్‌గరోద్‌త్సెవ్ సంపాదకత్వంలో ‘భావవాద సమస్యలు’ అనే 12 వ్యాసాల సంపుటి తెచ్చింది. ప్రతి వ్యక్తికీ తనదైన విలువ ఉందని, చట్టబద్ధ పాలనకు అదే పునాది అని అందులోని ముఖ్య వాదం. నొవ్‌గరోద్‌త్సెవ్ 1906లో తొలి దూమా (పార్లమెంటు)కు ఎన్నికై, దాని రద్దును నిరసించే వీబొర్గ్ విజ్ఞప్తిపై సంతకం చేసి జైలుకెళ్ళాడు.

బోల్షెవిక్ విప్లవంతో ఈ పాయ తెగింది. పత్రిక 1918లో ఆగింది; సంపుటిలో రాసిన బెర్ద్యాయెవ్, ఫ్రాంక్‌లను 1922లో దేశం నుంచి పంపేశారు.

అదే మాస్కోలో 1970లలో కడప జిల్లా మార్క్సిస్టు విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా) సోవియట్ ప్రచురణాలయంలో తెలుగు అనువాదకుడిగా పనిచేశాడు. తెలుగువారికి రష్యా ఎక్కువగా ఆ దారినే అందింది. గోర్కీ, లెనిన్ సీమ ఊళ్ళ గ్రంథాలయాల దాకా వచ్చారు. కవేలిన్ పేరు కడప, కర్నూలు పాఠకులకు ఇప్పటికీ కొత్తే.