విత్తనం దొరికాక వండుకున్న పులుసు

2006లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, వావిలోవ్ సంస్థ విత్తన నిధిలో రెండు రకాల మసూరు గింజలు బయటపడ్డాయి. అవి నైరుతి జర్మనీలోని స్వేబియన్ ఆల్బ్ కొండల రైతులు ఒకప్పుడు వేసుకున్న రకాలు. సొంతగడ్డ మీద వాటి గింజ ఒక్కటి కూడా మిగల్లేదు. జర్మన్ల ఇళ్లలో చలికాలం వస్తే పొయ్యెక్కే మసూరు పులుసు, 'లిన్సెన్ ఐన్‌టాఫ్', కథను నేను ఆ గింజల దగ్గరే మొదలుపెడతాను. ఎందుకంటే ఈ వంటకానికి ప్రాణం పప్పే, అందులో వేసే పంది మాంసం కాదు.

ఆల్బ్ సున్నపురాతి నేల. పడిన వాన రాళ్ల సందుల్లోంచి లోపలికి దిగిపోతుంది. పైన మట్టి పలుచన, దున్నితే రాళ్లే పైకి తేలతాయి. అలాంటి చోట మసూరు బతుకుతుంది, గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. కానీ తీగలాంటి బలహీనమైన మొక్క, తనంత తాను నిలబడలేదు. అందుకని బార్లీతోనో ఓట్స్‌తోనో కలిపి చల్లుతారు. మసూరు వాటిని పట్టుకుని లేస్తుంది. రెండూ కలిపి కోసి, కలిపి నూర్చి, ఆ తర్వాత గింజ నుంచి గింజను వేరుచేయాలి. అంత చాకిరీ చేసినా దిగుబడి అంతంతమాత్రం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూలి పెరిగింది, విదేశీ పప్పు చవగ్గా దొరికింది. రైతులు మసూరు మానేశారు.

1985లో లౌటరాఖ్ అనే పల్లెలో వోల్డెమార్ మమ్మెల్ అనే సేంద్రియ రైతు మళ్లీ మసూరు చల్లాడు. స్థానిక విత్తనం ఎంత వెతికినా దొరక్క ఫ్రెంచి ఆకుపచ్చ రకంతో సరిపెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత దొరికిన ఆ పాత రకాలకు, వాటిని రూపొందించిన ష్పేట్ పేరే ఉంది. వచ్చింది పిడికెడు గింజలు. ఏడాదికేడాది పెంచుకుంటూ పోతే తప్ప పొలానికి చాలలేదు. ఒక్క సంగతి మరిచిపోకూడదు. 1941 నుంచి 1944 వరకు జర్మన్ సైన్యం సెయింట్ పీటర్స్‌బర్గ్‌ను (అప్పటి పేరు లెనిన్‌గ్రాడ్) ముట్టడించినప్పుడు, వావిలోవ్ సంస్థ శాస్త్రవేత్తలు కొందరు చుట్టూ ధాన్యం మూటలుండగానే, వాటిని ముట్టకుండా ఆకలితో చనిపోయారు. జర్మన్ రైతుకు పోయిన విత్తనాన్ని తిరిగిచ్చింది ఆ సంస్థే.

మధ్య ఐరోపాకు మసూరు కొత్తదేం కాదు. ఏడు వేల ఏళ్ల కిందటి తొలి రైతుల ఊళ్ల తవ్వకాల్లోనే దొరికింది. గ్రిమ్ సోదరుల సిండ్రెల్లా కథలో సవతి తల్లి బూడిదలో పోసి ఏరమన్నవీ మసూరు గింజలే.

ఐన్‌టాఫ్ అంటే ఒకే కుండలో ఉడికే భోజనం. దీన్ని నాజీలు కూడా వాడుకున్నారు. 1933 అక్టోబర్ నుంచి, చలికాలంలో నెలకో ఆదివారం దేశమంతా మాంసం వేపుడు మాని ఇలాంటి చవక భోజనం తినాలని, మిగిలిన డబ్బు 'శీతాకాల సహాయ నిధి'కి ఇవ్వాలని ఆదేశించారు. వసూలు చేసేవాళ్లు ఇంటింటికీ తిరిగేవారు. పేదింటి కుండను ప్రచారానికి వాడుకున్న పని అది.

ఇక శాకాహారం సంగతి. జర్మనీలో తొలి శాకాహార సంఘాన్ని ఎడువార్డ్ బాల్ట్సర్ 1867లోనే నార్డ్‌హౌజెన్‌లో పెట్టాడు. కాబట్టి మాంసం లేని ఐన్‌టాఫ్ నిన్న మొన్నటి ఫ్యాషన్ అనడం అన్యాయం. పొగబెట్టిన పంది మాంసం కుండలోకి తెచ్చేది ముఖ్యంగా మూడు: ఉప్పు, కొవ్వు, పొగ వాసన. ఆ మూడూ వేరే దారిలో తేవచ్చు.

మన దగ్గరైతే పొట్టు తీయని మసూరు కొనండి. మైసూర్ పప్పు అని అమ్మే ఎర్రబద్దలు పనికిరావు, కరిగి ముద్దవుతాయి. పావు కిలో గింజలకు ఒక ఉల్లిపాయ, రెండు క్యారెట్లు, రెండు బంగాళాదుంపలు, రెండు సెలెరీ కాడలు సన్నగా తరగండి. వెన్నలో ఉల్లిపాయ వేగాక చెంచాడు మైదా వేసి, గోధుమరంగు వచ్చి కమ్మని వాసన పట్టేదాకా సన్నసెగ మీద కలపాలి. తొందరపడితే పచ్చివాసన పోదు. పొగబెట్టిన పాప్రికా పొడి అర చెంచా వేయండి. పంది మాంసం వదిలివెళ్లిన చోటు దానిదే. తర్వాత కూరలు, మసూరు, లీటరున్నర నీళ్లు, ఒక బే లీఫ్. బిర్యానీ ఆకు వద్దు, దాని వాసన వేరు. కుక్కర్ కూడా వద్దు, మూత వారగా పెట్టి ముప్పావు గంట ఉడకనివ్వండి.

వెనిగర్ మాత్రం పప్పు మెత్తబడ్డాకే. ముందే పోస్తే పులుపుకు గింజ బిగుసుకుంటుంది. పప్పు ఉడికాకే చింతపండు పులుసు పోసే మన ఇళ్లలో ఇది ఎవరికీ చెప్పక్కర్లేదు. రెండు చెంచాలు పోసి, ఉప్పు, కాస్త ఆవముద్ద కలిపి దించండి. స్వేబియాలో దీన్ని ష్పెట్స్‌లె అనే గుడ్ల నూడుల్స్‌తో తింటారు. గుడ్డు ముట్టనివాళ్లకు ముతక రొట్టె చాలు. మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది, బాగా చిక్కబడుతుంది కూడా. అప్పుడు వేడినీళ్లు పోసి, మరో అర చెంచా వెనిగర్ కలిపి వెచ్చబెట్టుకోండి.