తగ్గింపఁబడుట – తగ్గించుకొనుట

క్రైస్తవుల ధర్మగ్రంథమును దెనిఁగించినవారు నమ్రతను జెప్పవలసిన తావులందు వినయము, దీనమనస్సు, తగ్గించుకొనుట యను పలుకులను వాడిరి. శాబ్దికులకు ఇవి యొక్కటి కావు. వినయము నీధాతుజన్యము, శిక్షణమువలనఁ గలుగు నడవడి. దీనశబ్దము క్షయార్థకమగు దీఙ్ ధాతువునకు నిష్ఠాప్రత్యయము చేరి నత్వము పొందఁగా సిద్ధించినది. క్షీణించినవాఁడని యర్థము, క్షయమును అతఁడు కోరెనో లేదో శబ్దము చెప్పదు. 'తగ్గించుకొను' నందు మాత్రము 'కొను' అను ననుప్రయోగము కలదు. సంస్కృతమునఁ గ్రియాఫలము కర్తను జేరునపుడు ఆత్మనేపద మెట్లో, తెలుఁగున నిది యట్లు. తన్ను దాను దగ్గించుకొనువానికి ముందుగాఁ గొంత యెత్తు ఉండవలయును. లోకముచేఁ దగ్గింపఁబడినవాఁడు మఱి యేమి తగ్గించుకొనును? ఈ ప్రశ్న నెల్లూరు తీరమున నొకప్పుడు వ్యాకరణమును దాఁటి చరిత్రలోనికి వచ్చినది.

అమెరికా బాప్టిస్టు మిషనువారగు శామ్యూల్ డే దొర 1840లో నెల్లూర నిలిచెను. తరువాత నిరువది యేండ్లకుఁ బైగా ఫలము స్వల్పము. ఈ మిషనును విడిచిపెట్టుదమా యని స్వదేశమందలి పెద్దలు పలుమాఱు తర్కించిరి. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరెను. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా యేర్పడువఱకు నెల్లూరు జిల్లాలోనిదే. ఆయన పాఠశాలకు బ్రాహ్మణ బాలురు వచ్చిరి. మాదిగలను జేర్చుకొన్నచోఁ దాము రామనిరి. దొరయు భార్యయు వేఱువేఱుగా గ్రంథము విప్పఁగా, లోకము తృణీకరించినవారిని దేవుఁ డేర్పఱచుకొనెనను కొరింథీ పత్రికాభాగమే యిరువురకుఁ గనఁబడెనని యాయన చెప్పుకొనెను. మాదిగలు నిలిచిరి, ఆ బాలురు వెడలిపోయిరి.

అట్లు వచ్చినవారిలో మొదటివాఁడు యెఱ్ఱగుంట్ల పేరయ్య, తలకొండపాటివాఁడు, తోళ్ల వర్తకుఁడు. ఆతఁడు అంతకు మున్నే రాజయోగబోధ వినినవాఁడు. కావున నహంకారత్యాగము నాతనికి సీమనుండి దిగిన సరకు కాదు. మనవారి చరిత్రరచనలలో నీ సంగతి తఱచుగా మఱుగుపడుచున్నది.

1876–78 నాఁటి కఱవులో క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున మూఁడున్నర మైళ్ల పనిని గుత్తకుఁ దీసికొని, వేలమందికిఁ గూలి కల్పించెను. గింజలకై మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై యా కాలమున బాప్తిస్మము లాపెను. అయినను, ఆఁకటివేళఁ గూలి యిచ్చినవానియందుఁ గలిగిన నమ్మికకును, తరువాత వచ్చిన జనమునకును సంబంధము లేదనుట సాహసము. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి చెంత నొక్కదినముననే 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆర్గురు తెలుఁగు బోధకులు, ఇద్దఱిద్దఱు వంతులవారీగా. దొర నీటిలోనికి దిగలేదు. లోకమంతయుఁ బేరు చెప్పుకొను దినమునఁ దన చేతిని వెనుకకుఁ దీసికొనుట నిజముగాఁ దగ్గించుకొనుటయే. ఎత్తుండినవాని వినయ మది. అధికార మంతయు విడిచెనని మాత్రము నే ననను. మిషను పెద్ద యాయనయే.

నాకు నదికంటె గ్రామమే ముఖ్యముగాఁ దోఁచుచున్నది. క్రొత్తగాఁ జేరినవారికి విధించిన నియమములు సులభములు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. అందువలన జాతరలలో డప్పు వాయించుటయు మానిరి. సంఘమునందు దీనమనస్కులని పేరొందినవారే గ్రామమునఁ బొగరుఁబోతులైరి. నేను ముప్పదియేండ్లుగా బాలురకు వినయశబ్దమును సాధించి చూపితిని; ఎవఁ డెవనినుండి దానిఁ గోరుచున్నాఁడని యొకనాఁడును బ్రశ్నింపనైతిని. గ్రామపెద్దలు కోరిన వినయము తగ్గింపఁబడినవాఁడు తగ్గియే యుండుట. ఆ మాదిగలు మోకాళ్లూనినది దేవునియెదుట. కరణము నెదుటను రెడ్డి యెదుటను మెల్లఁగా నడుము నిలుపసాగిరి. ఈ రెండును ఒకే మనస్సులో నుండవచ్చునని యా పెద్దలకుఁ దోఁపలేదు. పని యీయమనిరి, నీటి త్రోవ మూసిరి.