ఎండలో పుట్టగొడుగులు ఆరబెట్టిన పెద్దాయన

ఈ ఎపిసోడ్‌లో చిరాకు గురించి మాట్లాడుకుందాం. నెట్ స్లో, బస్సు లేటు, గిన్నెలు తోమే వంతు మళ్ళీ మనదే. ఇలాంటప్పుడు "జెన్ మోడ్‌లో ఉండు బ్రో" అంటారు కదా. అంటే ఏదీ పట్టించుకోకుండా కూల్‌గా ఉండటమే జెన్ అని చాలామంది లెక్క. చరిత్రలో నాకు కనిపించింది మాత్రం వేరే.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. మనకు తెలిసిన 'ధ్యానం' అనే మాటే చైనా వెళ్ళి 'చాన్' అయింది, అక్కడినుంచి జపాన్ చేరి 'జెన్' అయింది.

1223లో దోగెన్ అనే జపాన్ కుర్ర సన్యాసి అసలైన బోధ కోసం సముద్రం దాటి చైనా వెళ్ళాడు. ఇంకా ఓడలో ఉండగానే ఒక మఠంలో వంట చూసుకునే పెద్దాయన పుట్టగొడుగులు కొనడానికి వచ్చాడు. దోగెన్ ఆయన్ని ఆ రాత్రికి ఉండిపొమ్మన్నాడు. రేపటి వంట ఉంది, కుదరదన్నాడాయన. ఈ వయసులో హాయిగా ధ్యానం చేసుకోక ఈ వంట గోలెందుకని అడిగాడు మనవాడు. పెద్దాయన నవ్వేసి, సాధన అంటే ఏంటో నీకింకా తెలీలేదని చెప్పి వెళ్ళిపోయాడు.

తర్వాత తియాన్‌తొంగ్ మఠంలో ఇంకో వంట పెద్ద కనిపించాడు. వయసు 68. నడుం వంగిపోయింది, నెత్తిన టోపీ లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో చెమటలు కక్కుతూ పుట్టగొడుగులు ఆరబెడుతున్నాడు. ఎవరికైనా చెప్పొచ్చుగా అని అడిగితే, ఇంకొకరు చేస్తే నేను చేసినట్టు కాదు కదా అన్నాడు. పోనీ ఎండ తగ్గాక చేయొచ్చుగా అంటే, ఆరబెట్టడానికి ఇదే కదా టైమ్ అన్నట్టు జవాబిచ్చాడు.

నాకు ఇక్కడే విషయం అర్థమైంది. ఆయనకు ఎండ చల్లబడలేదు, చెమట ఆగలేదు. లేనిదల్లా "నాకే ఎందుకీ ఖర్మ" అనే రెండో మంట. మనల్ని ఎక్కువగా కాల్చేది ఆ రెండోదే.

దోగెన్ జపాన్ తిరిగొచ్చాక, 1237లో మఠం వంటవాళ్ళ కోసం 'తెన్జో క్యోకున్' అనే చిన్న పుస్తకం రాశాడు. ఈ ఇద్దరి కథలూ అందులోవే. బియ్యంలో ఇసుక ఎలా చూసుకోవాలో కూడా చెప్తాడు. మంచి సరుకు దొరికిందని పొంగిపోవద్దు, మామూలు ఆకుకూరే ఉందని చిన్నచూపు చూడొద్దు అంటాడు. అంత దూరం వెళ్ళి తెచ్చిన బోధలో వంటగదికీ చోటిచ్చాడన్నమాట.

అయితే ఒక్క మాట. ఎవరో అన్యాయంగా ఎక్స్‌ట్రా పని నెత్తిన వేసి "జెన్‌గా ఉండు" అంటే తలూపమని దీని అర్థం కాదు. ఆ పెద్దాయన చేసింది తనదనుకున్న పని. కాదనాల్సిన చోట కాదనండి. మనదే అనుకున్న పనైతే మాత్రం, గిన్నె తోముతూ దాన్ని తిట్టుకుంటే ఒకే గిన్నెకు రెండుసార్లు కష్టపడ్డట్టు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.